కుక్క మెచ్చిన సుట్టబట్ట

మా కుక్కకు ఆటవస్తువులు కొనడం నా వల్ల కాలేదు. జమ్మికుంట వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క అది. చెప్పులన్నీ కొరుకుతోందని కరీంనగర్ దాకా వెళ్లి రబ్బరు ఎముక కొన్నాను. వాసన చూసి తుమ్మింది. నొక్కితే కీచుమనే కోడిబొమ్మ తెస్తే, అది కీచుమనగానే మంచం కింద దూరింది. "అన్ని కుక్కలు గివ్విటితోనే ఆడుతయన్నా" అన్నాడు దుకాణం అతను. మాది ఆ అన్నింటిలో లేదు మరి! దీనికసలు ఏం కావాలో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

ఆ రోజుల్లోనే మా అవ్వకు, అంటే అమ్మకు, కూడా ఒక ఆటవస్తువు వచ్చింది. పక్షవాతం కొద్దిగా వచ్చి తగ్గింది కానీ కుడిచేతి వేళ్లకు పట్టు రాలేదు. పిసకమని డాక్టరు స్పాంజి బంతి ఇచ్చారు. "నేనేమన్న పసిపోరినా?" అని అవ్వ దాన్ని మూలకు విసిరేసింది. కుక్క కూడా దాని వంక చూడలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

అవ్వ రంది, ఆమె దిగులు, వేరే. హుజూరాబాద్‌లో ఉండే మా చెల్లె తన బిడ్డ పెళ్లి పెట్టుకుంది. సారెలో పెట్టే సకినాలు మా ఇంట్లో ఎప్పుడూ అవ్వ చేతివే. ముందు బియ్యం నానబోసి పిండి పట్టించాలి. ఆ పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా వేయాలి. వేళ్లకు పట్టు లేకపోతే చుట్టు తెగిపోతుంది. "ఈసారికి కొందాం తీయ్ అవ్వా" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నా నోరు పాడుగాను!

ఒక పొద్దున కుక్క పెరట్లోంచి సుట్టబట్ట ఒకటి పట్టుకొచ్చింది. బిందె మోసేటప్పుడు నెత్తి మీద పెట్టుకోవడానికి పాత చీర మెలివేసి అవ్వ ఎప్పుడో చుట్టింది. కుక్క దాన్ని పట్టుకుని విదిలించింది, గుర్రుమంది, రోజంతా వదల్లేదు. సాయంత్రానికి అది పీలికలైంది. ఆహా, దొరికింది అనుకుని, అలాంటి చీరతోనే నేనొకటి చుట్టి ఇచ్చాను. రెండు విదిలింపులకే ఊడిపోయింది. కుక్క దాన్ని అక్కడే పడేసి నా మొహం చూసింది. బట్ట అదే కదా, మరి తేడా ఎక్కడ? వాసనేమోనని అవ్వ చీర కొంగే చింపి చుట్టాను. దాన్నీ పడేసింది.

మంచం మీది నుంచి అవ్వ నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. "గట్లనా సుట్టుడు? గుంజినా ఊడొద్దు. జర ఇటు తే."

ఒక కొస కాలివేళ్ల మధ్య ఇరికించి ఎడమచేత్తో మెలివేసింది. కుడిచెయ్యి ఊరికే ఆనించింది. ఆ కుడిచేతి పట్టు లేనిచోటే కుక్క ఊడదీసి, తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "దీని నకరాలు సూడు!" అంటూ అవ్వ మళ్లీ చుట్టింది.

ఇక రోజూ ఇదే పని. కుక్క ఊడదీయడం, అవ్వ తిట్టుకుంటూ చుట్టడం, ఊడిన పోగులు కుక్క మింగకుండా నేను ఏరడం. చూడగా చూడగా నాకు అర్థమైంది. తను గుంజితే ఎదురు గుంజే వస్తువు కావాలి దానికి. రబ్బరు కోడి గుంజదు, నేను చుట్టినదీ గుంజదు.

ఒక రోజు అవ్వ చుట్టి ఇచ్చినదాన్ని కుక్క ముందుకాళ్లతో అదిమిపట్టి లాగింది. నేలకేసి కొట్టింది. వరండా అంతా ఈడ్చింది. ఎంతకీ ఊడలేదు. చివరికి రొప్పుతూ దానిమీదే గదుమ ఆనించి పడుకుంది. అవ్వ మంచం దిగి వచ్చి, వంగి, ఆ సుట్టబట్టలో తన కుడిచెయ్యి మెలివేసిన చోటును వేలితో నొక్కి చూసింది. తన కుడిచేతిని ముడిచింది, విప్పింది, మళ్లీ ముడిచింది.

"బిడ్డా," అంది అవ్వ, "బియ్యం నానబొయ్యి."