పెద్దమ్మ ఇంట్లో నా తుమ్ములు

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఎండాకాలమో, నాలుగోదో సరిగా గుర్తులేదు. నాకప్పుడు పదేళ్లు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదులో వాళ్ల అక్క ఇంటికి బయలుదేరింది. ఊళ్లో మామిడికాయలు కోతకొచ్చాయి, తొక్కు పెట్టాలి. అందుకని మూడంటే మూడు రోజులే ఉండి రమ్మన్నాడు బాపు.

పెద్దమ్మ వాళ్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడమీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవారు. కింద గోదాము. పిల్లలు లేరు. పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, ఒక దఫ్తరులో గుమాస్తా. రోజూ తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటేవాడు. దాటి అక్కడే నిలబడేవాడు. పెద్దమ్మ లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు వినబడితేనే మెట్లు దిగేవాడు.

ఆ గొళ్లెం మళ్లీ సాయంత్రం ఆయనొస్తేనే తీయడం. పాలవాడికీ కూరగాయలమ్మేవాడికీ కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగేది. ఆ కిటికీకి ఎదురుగా స్టేషన్ గోడ. గోడవతల ఇంజన్లు కూతలు పెట్టేవి, నల్లటి పొగ పైకి లేచేది. రైలు మాత్రం కనబడేది కాదు. అబిడ్స్‌లో అద్దాల దుకాణాలుంటాయని, పంకాల కింద కూర్చుని షర్బత్ తాగొచ్చని మా ఊళ్లో కరణంగారి పిల్ల చెప్పింది. నేను వచ్చిందే వాటికోసం. అడిగితే పెద్దబాపు పత్రికలోంచి తలెత్తకుండా, "ఎండల ఏడికి పోతవ్ బిడ్డా, ఇంట్లనే ఆడుకో" అన్నాడు. ఇంట్లో ఆడుకోవడానికి పెద్దమ్మ అట్లకాడ, నేను.

మూడు రోజులు ఎలాగో గడిచాయి. ఆదివారం పొద్దున పరుపు చుట్టాం, సంచీ కట్టాం. దారిలో తినే సద్దికి పెద్దమ్మ వంటింట్లో పోపు వేస్తోంది. అమ్మ వంగి పెద్దబాపుకు దండం పెడుతుండగా నాకు ముక్కు జిలజిలమంది. తుమ్మాను. ఒక్కటే.

"ఒంటి తుమ్ము," అన్నాడు పెద్దబాపు. "కూసోన్రి."

మా ఊళ్లో అయితే కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి బయలుదేరతారు. పెద్దబాపు దగ్గర అలాంటి సడలింపు లేదు. రెండో తుమ్ము వస్తే దోషం పోతుందని అమ్మ నా చెవిలో అంది. చీపురుపుల్ల విరిచి ముక్కులో తిప్పుకున్నాను. కళ్లనీళ్లు వచ్చాయి గాని తుమ్ము రాలేదు. పరుపు మళ్లీ విప్పాం.

మా ఊరు తూర్పున. సోమవారం తూర్పుకు పోకూడదట. మంగళవారం అసలే పనికిరాదు. బుధవారం పరుపు చుట్టాం. గడప దగ్గరికి రాగానే మళ్లీ తుమ్మాను. గురువారం అమావాస్య. శుక్రవారం ఆడపిల్ల ఇల్లు విడవకూడదు. శనివారం మళ్లీ తూర్పు. ఆ పై ఆదివారం ముక్కు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అయినా తుమ్ము చెవుల్లోంచి వచ్చిందా అన్నంత పెద్దగా వచ్చింది.

"నీ ముక్కు పాడుగాను! ఆడ కాయలన్ని పండుతున్నయేమో," అని అమ్మ నా వీపుమీద ఒకటి వేసింది.

"పిల్లనెందుకే కొడ్తవ్? పడిశం పట్టింది దానికి," అని పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ రోజునుంచి నాకు పూటకో గ్లాసు శొంఠి కషాయం. కుండనీళ్లు బందు. తలకు తువ్వాలు చుట్టి, గాలి తగులుతుందని కిటికీ దగ్గర కూడా నిలబడనిచ్చేది కాదు. మేనెల ఎండలో, ఉడికిపోయే ఆ గదిలో, తువ్వాలు చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పెద్దమ్మ అమ్మ జుట్టు దువ్వేది, విప్పేది, మళ్లీ దువ్వేది. చిన్నప్పుడు వాళ్లిద్దరూ ఎక్కిన చింతచెట్టు కథ రోజుకు రెండుసార్లు చెప్పేది. అంతా నా వల్లే అనుకుని నాకు ఏడుపొచ్చేది. ఈ ముక్కుతో నేను బతికినంతకాలం ఈ ఇంట్లోనే ఉండాలేమో అనుకున్నాను.

తర్వాతి బుధవారం నాలుగోసారి పరుపు చుట్టాం. సద్ది అప్పటికే మూటగట్టి సంచీలో పెట్టేశారు. పెద్దమ్మ కనబడకపోతే చెప్పిపోదామని వంటింట్లోకి వెళ్లాను.

ఆమె కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎడమచేత్తో ఎండుమిరపకాయ తుంచి నిప్పులమీద వేసి, కుడిచేత్తో విసనకర్ర పట్టి ఆ పొగను ముందుగదివైపు విసురుతోంది.

నన్ను చూసి చెయ్యి ఆపింది. "చెప్పకే బిడ్డా," అంది చిన్నగా.

నోరు తెరిచాను. తుమ్మాను.

"ఎవరు తుమ్మిన్రు?" ముందుగదిలోంచి పెద్దబాపు గొంతు.

నా వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూశాను. అమ్మ. కుంపటివైపు చూసింది, విసనకర్రవైపు చూసింది. ఇప్పుడు గొడవవుతుంది అనుకున్నాను. అమ్మ బయటికి వినబడేలా, "పిల్లే బావా! ఈ పూట పోంలే, నువ్వు దఫ్తర్‌కు పో," అంది.

ఆయన వెళ్లాడు. గొళ్లెం పెట్టొచ్చి అమ్మ పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది. "ఏందక్కా ఇది? నన్నడిగితే నాలుగు దినాలు ఉండకపోదునా?"

"అడిగితే నాలుగు దినాలే ఉంటవ్," అంది పెద్దమ్మ. తర్వాత ఏడ్చింది. "గడబిడ దినాలల్ల ఏసిన గొళ్లెం చెల్లే ఇది. అప్పుడు భయముండె, ఏసిన్రు. ఇప్పుడు ఊరంత తిరుగుతున్నరు. మీ బావ మాత్రం ఇంక తియ్యనియ్యడు. నువ్వు పోతే మళ్ల గోడలతోనే మాట్లాడాలె."

"ఆఖరిసారి ఎప్పుడు దిగినవ్ కిందికి?"

పెద్దమ్మ ఆలోచించింది. వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, మధ్యలో వదిలేసింది.

అమ్మ లేచి, "చెప్పులేసుకో," అంది.

చెప్పులు మంచం కింద దొరికాయి. ఎండి, వంకరపోయి, అప్పడాల్లా ఉన్నాయి. కాలు పెడితే పట్టీ తెగింది. అమ్మ తన చెప్పులు ఆమెకిచ్చింది. బియ్యం డబ్బాకున్న తాళం తీసి తలుపుకు వేసి ముగ్గురం మెట్లు దిగాం.

స్టేషన్ రోడ్డు దాటడానికే మాకు చాలాసేపు పట్టింది. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకున్న పట్టుకు చెయ్యి తిమ్మిరెక్కింది. సైకిలు గంట మోగితే ఆగేది, జట్కా కనబడితే వెనక్కి లాగేది. అమ్మేమో ఉత్తకాళ్లతో, నీడ ఉన్నచోటల్లా పరుగెత్తి నిలబడి, "జల్ది రాన్రి, కాళ్లు కాల్తున్నయ్!" అని అరిచేది. పట్నంలో ఏళ్లుగా ఉన్న మనిషికి పల్లెటూరి మనిషి అబిడ్స్ చూపిస్తోంది.

ముందు చెప్పుల దుకాణానికే వెళ్లాం. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం నెరిసిన దుకాణదారు కింద కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు. పెద్దమ్మ కాలు చటుక్కున లాక్కుంది. "అయ్యో, పెద్దమనిషివి, నా కాళ్లు పట్టుకుంటవా?"

ఆయన నవ్వాడు. "ఫికర్ చెయ్యకమ్మా. ముప్పయ్యేండ్లసంది ఇదే పని. కాళ్లు సూస్తనే తప్ప మొఖాలు సూడ."

పెద్దమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ ఇంట్లో ఉన్న పదమూడు రోజుల్లో అలాంటి నవ్వు నేను వినలేదు. తర్వాత పంకా కింద కూర్చుని షర్బత్ తాగాం. నా పడిశం సంగతి ఎవరూ ఎత్తలేదు. పోస్టాఫీసు ముందు కాసేపు ఊరికే నిలబడ్డాం. వచ్చేపోయే జనాన్ని చూడటమే పెద్దమ్మకు కావలసింది.

మేం తిరిగొచ్చేసరికి పెద్దబాపు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. తలనొప్పని దఫ్తరు నుంచి ముందే వచ్చాడట. తలుపుకు బయటినుంచి తాళం. ఎప్పటినుంచి అలా కూర్చున్నాడో, చొక్కా చెమటకు తడిసి వీపుకంటుకుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఏడికి పోయినవే?" అన్నాడు. కోపంగా అనాలనుకున్నట్టుంది, కుదరలేదు. "ఏమైందోనని... కిందోళ్లనడిగిన. స్టేషన్ దాక పోయి సూసొచ్చిన."

"అబిడ్స్‌కు," అంది పెద్దమ్మ.

ఆయన ఆమె కాళ్లకేసి చూశాడు. కొత్త చెప్పులు. "సైజు సరిపోయిందా?" అన్నాడు.

పెద్దమ్మ తలూపి, తాళం తీసింది. లోపలికెళ్లాక కుండలోంచి నీళ్లు ముంచి ఆయనకిచ్చింది. ఆయన తాగుతూ కూడా, మళ్లీ ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు, ఆమెనే చూస్తున్నాడు. అప్పటిదాకా పెద్దబాపుకు కూడా భయముంటుందని నాకు తెలియదు. మిరపకాయల సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు గురువారం. పెద్దబాపు పంచాంగం తెరవలేదు. ఆయనే పరుపు భుజానికెత్తుకున్నాడు. పెద్దమ్మ కొత్త చెప్పులేసుకుని స్టేషన్‌కు వచ్చింది. రైలెక్కి, సీటు మెత్తగా ఉందో లేదో చూస్తానని మా పక్కన కూర్చుంది. గంట కొట్టారు. "దిగు, బండి కదుల్తది," అన్నాడు పెద్దబాపు కిటికీలోంచి.

"కదలనియ్యి," అంది పెద్దమ్మ. ఆయన ముఖం చూసి నవ్వుతూ దిగింది.

బండి కదిలాక నేను కిటికీకి తల ఆనించి వెనక్కి చూశాను. ఇద్దరూ బయటికి వెళ్తున్నారు. వచ్చేటప్పటిలాగే ఆయన ముందు, ఆమె వెనక. పెద్దమ్మ ఒక పండ్ల బండి దగ్గర ఆగిపోయింది. ఆయన అలాగే కొంత దూరం నడిచి, పక్కకు చూసి, వెనక్కి చూసి, నిలబడిపోయాడు. పిలవలేదు. ఆమె పళ్లు ఏరుకుంటున్నంతసేపూ, జనం ఇటునుంచీ అటునుంచీ తోసుకుపోతుంటే, అక్కడే నిలబడి ఉన్నాడు.