మాస్కు దించిన చోటు

ఇప్పపువ్వు బేరంలో తూకం కన్నా ముక్కు ముఖ్యం. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి వాసన చూస్తే లోపల చెమ్మ ఉందో లేదో తెలిసిపోతుంది. భోపాలపట్నంలో మా నాన్న అలాగే చూసేవాడు, నేనూ అంతే. ఆ ముక్కు నా ఒక్కడికే అబ్బిందని కాస్త పొగరు కూడా.

నా కిడ్నీలు చెడిపోతే అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. దాన్ని నా ఒళ్లు కాదనకుండా ఉండడానికి జీవితాంతం మందులు వాడాలి. వాటితో రోగాలను ఆపే శక్తి తగ్గుతుందని, దుమ్ముకు, బూజుకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పి పంపాడు. మాస్కు లేకుండా నేను గడప దాటలేదు. పెళ్లి భోజనాల్లో కూడా అందరికన్నా ఆఖర్న దించేవాణ్ని. గోదాములో మాత్రం దించేసేవాణ్ని. మాస్కు ఉంటే వాసనేం తెలుస్తుంది? మా ఆవిడ వద్దనడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ వానాకాలం సరుకు చెమ్మగిల్లింది. బస్తాలన్నీ విప్పి చూశాను. తర్వాత జ్వరం, దగ్గు. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో టీబీ అనుకుని కఫం పరీక్ష చేశారు, కాదని తేలింది. దగ్గులో నెత్తురు పడేసరికి సరిహద్దులోని తర్లగూడ మీదుగా వరంగల్ తీసుకెళ్లారు. అక్క అక్కడికే వచ్చింది.

స్కానింగు చూసి డాక్టరు ఊపిరితిత్తిలో బూజు పెరుగుతోందన్నాడు. దాన్ని చంపే మందు కిడ్నీకి కష్టం. పాత మందులు తగ్గిస్తే అసలు కిడ్నీయే నిలవకపోవచ్చు.

“బూజు పట్టిన సరుకు దగ్గర తిరుగుతారా?” అని అడిగాడు.

“లేదు సార్. గల్లా దగ్గర కూర్చుంటా, అంతే” అన్నాను.

“ఇప్పపువ్వు వాసన చూస్తడు సార్” అంది అక్క. “మా నాయిన నేర్పిండు. నాకు గూడ వచ్చు.”

సిగ్గుతో దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. ఇన్నాళ్లూ నేను చూపించుకున్న గొప్ప నాదే గానీ, దానికి ఒడ్డింది అక్క కిడ్నీని. ఆమె ముఖం చూడలేకపోయాను.

చాలా రోజులకు దగ్గు తగ్గింది, కిడ్నీ కూడా నిలిచింది. ఇంటికి బయల్దేరేటప్పుడు, ఇక గోదాములో అడుగు పెట్టనని అక్కకు మాటిచ్చాను.

అక్క నా మాస్కు ముక్కు మీదికి సర్దింది.

“అడుగు పెట్టకు తమ్మీ” అంది. “నా దగ్గర ఇంకొక్కటే ఉన్నది.”