నోటుబుక్కులో గీసిన గళ్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు రోడ్డెక్కిన ఏడాది నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అడిక్‌మెట్‌లో చిన్న గది. ఆదివారం తార్నాకలోని మా క్రైస్తవ సంఘానికి నడిచి వెళ్లేవాణ్ని. మాకు సొంత గుడి లేదు. ఒక బడి హాల్లో బల్లలు గోడవారకు జరిపి ఆరాధన చేసుకునేవాళ్లం.

ఆ చలికాలం మా సంఘ కాపరి అయ్యగారు వరుసగా నాలుగు వారాలు వరాల గురించే బోధించారు. దేవుడు ప్రతి విశ్వాసికీ ఏదో ఒక వరం ఇచ్చాడనీ, చాలామంది అది తెలియకుండానే బతుకు వెళ్లదీస్తున్నారనీ ఆయన బాధ. ఇంటింటికీ వెళ్లి ఎవరి వరం ఏమిటో కనుక్కుని, తగిన పరిచర్య అప్పగించమని నాకు చెప్పారు. నేను నోటుబుక్కులో గళ్లు గీశాను. పాట, బోధ, వాక్యం చదవడం, వంట, రోగుల పరామర్శ. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఏ మనిషినైనా ఏదో ఒక గడిలో కూర్చోబెట్టగలనని గట్టిగా నమ్మాను.

యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా పనిచేసే ఒకాయన మా సంఘంలో ఉండేవాడు. నలభై దాటిన మనిషి, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ప్రార్థనకు నిలబడితే కీర్తనలకు కీర్తనలే నోటికి వచ్చేవి. వాళ్లింటికి వెళ్లి ఆయన వరమేమిటని అడిగాను.

"నాకేం వరం తమ్మీ. ఆరాధనకు నీళ్ల కుండలు నింపుతున్న గద, గదే రాసుకో," అన్నాడు.

అది వినయం అనుకున్నాను. వాక్యం చదవడానికి ఆయన్ని మించినవాడు లేడని వాదించాను. ఆయన భార్య తల వంచుకుని నేల చూసింది. ఆయన ఇంకోసారి వద్దన్నాడు. నేను రాసేసుకున్నాను. చివరికి, చదవాల్సిన కీర్తన ఏదో ముందే చెప్పమని మాత్రం అడిగాడు. చెప్పాను.

ఆయన చదవాల్సిన ఆదివారానికి ముందురోజు క్యాంపస్‌లో లాఠీలు లేచాయి. మా సంఘంలోని ఒక కుర్రాడి తల పగిలింది. అందుకని అయ్యగారు అప్పటికప్పుడు వాక్యభాగం మార్చి, పట్టణం నాశనమైందని ప్రవక్త ఏడ్చే భాగం చదవమన్నారు. అటెండరు పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పేజీలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తర్వాత నేను ముందు చెప్పిన కీర్తన కంఠతా మొదలుపెట్టాడు. అది కాదని అయ్యగారు మెల్లగా అన్నారు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆయన పుస్తకం మూసి వచ్చి కూర్చున్నాడు. లైబ్రరీలో అంకెలు చూసి పుస్తకాలు తెచ్చే మనిషికి అక్షరాలు రావని నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వారం ఆయన ఆరాధనకు రాలేదు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి రెండుసార్లు వెళ్లినా ఇంట్లో లేడనే అన్నారు. రెండోసారి తలుపు సందులోంచి ఆయన కాళ్లు కనిపించాయి.

యూనివర్సిటీ మూసేశాక ఒక ఉదయం ఆయనే నా గదికి వచ్చాడు. ఊళ్లో తల్లి మంచం పట్టిందట, వెళ్లక తప్పదు. మౌలాలి గుట్ట కింద ఒక ముసలమ్మ ఉందనీ, ఒకప్పుడు మన సంఘానికి వచ్చేదనీ, నడుము పడిపోయి ఎవరికీ గుర్తులేకుండా పోయిందనీ చెప్పాడు. రోజూ పనికి పోయేముందు సైకిల్ మీద వెళ్లి ఆమెను కడిగి, బట్ట మార్చి, గంజి తాగించి వస్తున్నాడు. మూడేళ్లుగా. సంఘంలో ఎవ్వరికీ తెలియదు.

"పది దినాలు చూడు తమ్మీ. నీతోని కాకుంటే ఎవర్నన్న పంపు," అన్నాడు.

తప్పకుండా అన్నాను. ఆయన వెళ్లగానే నోటుబుక్కు తీశాను. పరామర్శ గడిలో మొదటి పేరు ఒక రైల్వే గుమాస్తాది. ఆయనకు చెప్పాను, ఒప్పుకున్నాడు. పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఆ తర్వాత బస్సులు ఆగిపోయాయి, రోడ్ల మీద రాళ్లు పడ్డాయి. గుమాస్తా ఒక్కసారి వెళ్లి, ఆ వాసనకు లోపల అడుగుపెట్టలేక, గుమ్మంలోనే ప్రార్థన చేసి వచ్చేశాడట. ఆ మాట నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పదకొండో రోజు ఆయన మళ్లీ నా గది ముందు నిలబడ్డాడు. సగం దూరం నడిచే వచ్చాడేమో, మోకాళ్ల దాకా దుమ్ము. వస్తూనే మౌలాలి వెళ్లాడు. ముసలమ్మ చనిపోయి ఎన్నాళ్లయిందో ఎవరూ చెప్పలేకపోయారు. వాసన పట్టి ఇరుగుపొరుగు తలుపు తీశారు. ముందురోజే పూడ్చేశారు.

"నువ్వెందుకు పోలే?"

బస్సులు లేవన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"మా ఇంటికొచ్చి అడిగినవు. నేను చెప్పింది ఇనలే. చదువు రాదని నోరు తెరిచి చెప్పుకోలేక నీళ్ల పని చాలన్న. నీకు కావల్సింది రాసుకొని పోయినవు," అన్నాడు. గొంతు పెంచలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

జరిగిందంతా అయ్యగారికి చెప్పాను. తర్వాతి ఆదివారం నన్నే సంఘం ముందు చెప్పమన్నారు. చెప్పాను. గుమాస్తా తల ఎత్తలేదు. నేను ఆయన పేరు ఎత్తలేదు, పంపిందీ పట్టించుకోనిదీ నేనే కాబట్టి.

ఆ తర్వాత శనివారాలు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు నోటుబుక్కు లేకుండా ఖాళీ చేతులతో వెళ్లడం మొదలుపెట్టాను. మిమ్మల్ని చూడ్డానికి ఎవరొస్తారని అడిగేవాణ్ని. నేను ఎవరెవరినో అడిగి రాసుకున్నదానికీ, వాళ్లు చెప్పినదానికీ పొంతన లేదు. నోరు మంచిది కాదని అందరూ తప్పుకుని తిరిగే ఒకావిడ, విద్యానగర్‌లో క్షయతో పడివున్న పిల్లకు వారం వారం తల దువ్వి జడ వేస్తోంది. ఆమె పేరు నా నోటుబుక్కులో ఏ గడిలోనూ లేదు.

ఆయన మాత్రం మా సంఘానికి మళ్లీ రాలేదు. మౌలాలి వైపు ఎవరింట్లోనో కూడుకునే నలుగురైదుగురితో ప్రార్థన చేసుకుంటున్నాడని విన్నాను. లైబ్రరీ తెరిచాక ఒకరోజు చీటీ ఇచ్చాను. ఆయన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నా, అమ్మ ఎలా ఉంది అని అడిగాను.

"పోయింది," అన్నాడు. రిజిస్టరు నా వైపు తిప్పాడు. "గీడ సంతకం పెట్టుండ్రి సార్."