ఐదో కీ

మా నాన్న కిరాణా దుకాణంలో గద్దె మీద నుంచి లేవకుండానే సగం గిరాకీ చూసుకునేవాడు. రోజూ అమ్ముడుపోయే బెల్లం, చింతపండు చేతికి అందేవి. ఎప్పుడో ఒకసారి అడిగేవన్నీ వెనక అరల్లో. ఆయన జ్వరంతో దవాఖానలో ఉన్న నాలుగు రోజులూ మాకెవరికీ జీలకర్ర దొరకలేదు. అయినా ఆ సర్దుడు మీద నాకు మహా గౌరవం.

ఎనభైల చివర్లో నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీకి పెద్ద కంప్యూటర్ ఒక్కటే. పక్క గదిలోని చిన్న కంప్యూటర్ నుంచి దానితో పని చేయించడానికి ఒక ప్రోగ్రాం ఉండేది. దాన్ని రాసినవాళ్లు లోపలి రాత, అంటే సోర్స్ కోడ్, మొత్తంతో సహా ఉచితంగా పంచారట. ఫ్లాపీల మీద చేతులు మారుతూ మా దాకా వచ్చింది. ఉచితం అన్న మాట వింటేనే మా ఇంట్లో అనుమానిస్తారు. మోసం ఎక్కడుందా అని దాని పుస్తకమంతా చదివాను. మోసం దొరకలేదు గానీ, ఏ కీ నొక్కితే ఏం జరగాలో మనమే మార్చుకోవచ్చని తెలిసింది.

ఇక ఆగుతానా? నా ప్రోగ్రాములన్నీ తప్పులే కాబట్టి, రాసింది పారేసి మళ్లీ మొదలుపెట్టడమే నాకు ఎక్కువగా పడే పని. దాన్ని ఐదో ఫంక్షన్ కీ మీద పెట్టుకున్నాను. అంతకుముందు ఆ కీ నొక్కితే రాసింది సేవ్ అయ్యేది. మార్పులన్నీ ఆ కంప్యూటర్‌లోనే వదిలేసి, నా వంతు కాగానే లేచాను. ఆ చిన్న కంప్యూటర్ మీద ఒక్కొక్కరికీ వారానికి కొన్ని వంతులే ఉండేవి.

తర్వాతి వంతు కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే సీనియర్ అక్కది. మూడు రోజుల్లో ప్రాజెక్టు ఇవ్వాలి. ఆమెకు మిగిలింది ఆ ఒక్క వంతే. రెండు గంటలు టైపు చేసి, అలవాటుగా ఐదో కీ నొక్కింది. మొత్తం పోయింది. వరండాలో ఉన్న నన్ను పిలిచింది.

"తమ్మీ, దీన్ని ఏం జేసినవ్?"

"ఏం లేదక్కా, చేతికి జర సౌలత్ ఉంటదని కీలు మార్చిన."

"ఎవరికి సౌలత్?"

మాది కిరాణా దుకాణమని ఆమెకూ తెలుసు. అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది, బేరానికి దిగాను.

"నువ్వు గూడ నడుమ నడుమ సేవ్ జేసుకోవాలె గదక్కా. సగం సగం అనుకుందాం. నా వంతులల్ల ఒకటి తీస్కో."

"ఇదేమన్న మీ నాయిన దుకాణమా, నీ చేతికి అందేటట్టు సదురుకోనీకి? రెండు వంతులు గావాలె. టైపు గూడ నువ్వే జెయ్యాలె."

"నాకున్నయే రెండక్కా."

"ఎన్నున్నయని నేనడగలే."

రెండు మధ్యాహ్నాలు ఆమె కాగితాలు చూసి చదివింది, నేను టైపు చేశాను. కీలన్నీ పాత పనులకు మార్చాకే మొదలుపెట్టనిచ్చింది. సేవ్ చేయడానికి ఐదో కీ మీద వేలు పెట్టిన ప్రతిసారీ అది పాత పనికే ఉందో లేదో ఇంకోసారి చూసుకునేవాణ్ణి. నాన్న అరలు ఆయన చేతికి తగ్గట్టే ఉండేవి, నిజమే. కానీ దుకాణం ఆయనది. ఈ గది ఎవరిదో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

గడువుకు గంట ముందు ఆమె ప్రాజెక్టు ఇచ్చేసింది. ఆ తర్వాత నా మార్పులు నా ఫ్లాపీలోనే ఉంచుకుని, నా వంతులో ఎక్కించి, లేచేటప్పుడు తీసేసేవాణ్ణి.

వారం తర్వాత ఆమె తన ఫ్లాపీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకో ప్రాక్టికల్ మిగిలి ఉందట.

"నా చేతికి తగ్గట్టు గూడ జేసియ్యి."

"ఏమిస్తవక్కా?"

"ప్రోగ్రామే ఫుకట్‌ల వచ్చింది. దాని మీద నువ్వు లాభం జూస్కుంటవా?"

ఏ కీకి ఏ పని కావాలో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. నాలుగోది అయ్యాక ఆమె కీబోర్డు మీద చేయి అడ్డం పెట్టింది.

"ఐదోది ముట్టకు."