నల్లపొగా, నా డ్రైవింగూ

తొంభైల మధ్యలో మా ఆయన ఒక విదేశీ కారు కొన్నారు. సెకండ్ హ్యాండ్, డీజిల్, టర్బో. టర్బో అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ఛాతీ కాస్త ఉబ్బేది. సినిమాలు కొని ఆడించే వ్యాపారం మాది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నాక, మంచి కారు లేకపోతే మాట చెల్లదని ఆయన నమ్మకం. నా అవసరం వేరు. ఆ రోజుల్లో మా గుట్ట ఎక్కమంటే ఆటోవాళ్ళు మొహం తిప్పుకునేవారు. ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్ళాలన్నా ఆఫీసు డ్రైవరు ఎప్పుడు ఖాళీ అవుతాడా అని గేటు దగ్గర పడిగాపులు పడాలి. అందుకే పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను.

లైసెన్సు వచ్చిన వారంలోనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కించాను. సగం ఎక్కాక అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనపడలేదు. అంతా కాటుక లాంటి పొగ. అందులోంచి స్కూటర్ మీద బయటపడ్డ పెద్దమనిషి రాక్షసుడి వేషానికి మేకప్ వేయించుకున్నట్టున్నాడు.

“చూశావా! క్లచ్ మీద కాలు పెట్టి ఇంజన్ని చంపేశావు,” అన్నారు మా ఆయన. “ఈ పొగ తగ్గేదాకా నువ్వు స్టీరింగ్ ముట్టుకోవడానికి వీల్లేదు.”

తాళాలు ఆయన జేబులోకి వెళ్ళాయి. నాకు ఒళ్ళు మండింది. క్లచ్ మీద నేను అనవసరంగా కాలే పెట్టలేదు. మర్నాడు ఆయన నడిపినా అదే ఎత్తులో అదే పొగ. “నిన్న నువ్వు పాడుచేశాక ఇవాళ నాకెలా బాగుంటుంది?” అన్నారు. పైగా ఆఫీసులో అందరికీ చెప్పారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, తాళాలు పోయినదానికన్నా వాళ్ళ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రాలు మా వరండాలో కాఫీ తాగే సినిమా జనం తలా ఒక మాట చెప్పారు. ఒక రచయిత డీజిల్లో కల్తీ అన్నాడు. ఒక కెమెరామన్ మాత్రం, ఎదురెండలో ఆ పొగ అద్భుతంగా ఉంది, బాగుచేయించకండి, ఏదో ఒక ఫైట్‌కి వాడుకుందాం అన్నాడు.

చివరికి మోతీనగర్ నుంచి మెకానిక్ వచ్చాడు. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి చూసి, మళ్ళీ బిగించాడు.

“నల్ల పొగంటె రెండే అమ్మా,” అన్నాడు నాతో. “డీజిల్ ఎక్కువైనా కావాలె, గాలి తక్కువైనా కావాలె. నాజిళ్ళు మంచిగనే ఉన్నయి. జర గాలి తొవ్వ చూస్తా.”

అతను ముందువైపు చెయ్యి పెట్టబోయాడో లేదో, మా ఆయన కేక వేశారు. “అటు వద్దు! ఆ మూల ముట్టుకోకు!”

“ఏంది సార్? గాడ్నే గద చూడాల్సింది!”

“వద్దన్నానా? అది కంపెనీ బిగింపు!”

మెకానిక్ పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంజన్ని చూడలేదు, మా ఆయన ముఖం చూశాను. పాలగిన్నె దగ్గర పట్టుబడ్డ పిల్లి ముఖంలా ఉంది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే బానెట్ ఎత్తాను. హెడ్‌లైటు వెనక, ఇంజన్ గాలి పీల్చుకునే నల్ల గొట్టం ఉంది. దాని మూతిలో వేలు పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఎర్ర పట్టుగుడ్డ, పసుపు మరకలతో! మేము కొన్న సినిమా ముహూర్తంలో దేవుడి పటాల కింద పరిచిన గుడ్డ అది. సినిమా బాగా ఆడింది కాబట్టి ఆ గుడ్డను కారు ముందుభాగంలో ఎవరి కంటా పడకుండా ఉంచుకోమని ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారు ఆయనతో చెప్పడం నా చెవులారా విన్నాను. నేను నవ్వుతానని నాకు చెప్పకుండా, సరిగ్గా నాకు లైసెన్సు వచ్చిన వారంలోనే అక్కడ దాచినట్టున్నారు.

చదును రోడ్డు మీద ఇంజన్ కొంచెమే పీలుస్తుంది, గుడ్డ ఓ పక్కన పడి ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో గట్టిగా లాగుతుంది, గుడ్డ దారికి అడ్డంగా అతుక్కుంటుంది. గాలి అందని డీజిల్ సగం కాలి పొగవుతుంది. కిరోసిన్ స్టవ్వుకి గాలి చాలకపోతే గిన్నె అడుగు ఎందుకు మసిబారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడే చెప్పేస్తే? గుడ్డ ఇంకో చోటికి పోతుంది, తాళాలు మాత్రం ఆ జేబులోనే ఉంటాయి. అందుకని గుడ్డ మడిచి బ్యాటరీ పక్కన పెట్టి, “ఇవాళ ఒక్కసారి నడపనివ్వండి” అని బతిమాలాను. ఎత్తంతా ఎక్కినా పొగ లేదు. మర్నాడు ఆయన బయలుదేరేలోపు గుడ్డను యథాస్థానంలో పెట్టాను. పొగే పొగ! ఆ మర్నాడు మళ్ళీ నేను. పొగ లేదు. వారం తిరిగేసరికి మా ఆయన కళ్ళు పెద్దవి చేసి, “ఈ కారుకి నీ చెయ్యి అచ్చొచ్చిందే!” అన్నారు. సినిమావాళ్ళలో ఆ మాటకు అప్పీలు లేదు. తాళాలు నా చేతికి వచ్చాయి.

కొన్నాళ్ళకు ఒక ముహూర్తానికి ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళాను. స్టూడియో గేటు దగ్గర ఎవరో, “ఏమండీ, డ్రైవర్ని మానిపించారా?” అని నవ్వారు.

“ఆవిడకి డ్రైవింగేం వచ్చండీ! అంతా సెంటిమెంటు,” అన్నారు మా ఆయన.

తిరిగి వస్తూ, ఆ ఎత్తు మధ్యలోనే కారు పక్కకు తీసి ఆపాను. హ్యాండ్ బ్రేక్ వేసి, బానెట్ ఎత్తి, ఆయన్ని పిలిచాను. బ్యాటరీ పక్కనున్న గుడ్డ తీసి గొట్టం మూతిలో పెట్టి చూపించాను.

“మీ పొగ ఇదండీ. ఇప్పుడు చెప్పండి, నా కాలు ఏం పాడుచేసిందో.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుడ్డ తీసి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నారు. “ఆఫీసులో చెప్పకేం,” అన్నారు. నేను బానెట్ దించలేదు. కదల్లేదు కూడా. ఆయన ఎటో చూస్తూ, “మొదటిరోజు కూడా బాగానే నడిపావులే,” అని గొణిగారు.

ఇంజన్ ఆపి ఉంది. రోడ్డు మీద పురుగు కూడా లేదు.

“వినపడలేదు,” అన్నాను.

మళ్ళీ చెప్పారు, ఈసారి నా ముఖంలోకి చూసి.