మంచం నడిమిట్ల, ఫ్యాను మూలకు

ఆ రోజుల్లో నాకు లోకం మీద ఒకటే ఫిర్యాదు ఉండేది: ఏదీ సెంటర్‌లో ఉండదు. ఐటీఐలో ఇళ్ల ప్లాన్లు గీసే కోర్సు పూర్తి చేసి అప్పుడే బయటికి వచ్చాను. మా సారు రెండేళ్లపాటు ఒకటే మంత్రం జపించారు. "ముందుగాల సెంటర్ లైన్ గియ్యున్రి, మిగతాయన్ని దాని ఎన్క అవే వస్తయ్." క్లాసంతా ఆ మాటను పరీక్ష దాకా గుర్తుపెట్టుకుని వదిలేసింది. నేను మాత్రం బతుకంతటికీ పట్టించుకున్నాను. పెళ్లికి వెళితే పందిరి గుంజల మధ్య దూరం కళ్లతోనే కొలిచేదాన్ని. నన్ను కన్న అవ్వ నుదుటి బొట్టు వెంట్రుకవాసి పక్కకున్నా అన్నం ముద్ద దిగేది కాదు. ఉద్యోగం ఇంకా రాలేదు కాబట్టి నా విద్య ఎవరి మీద చూపించాలో తెలియక, చివరికి మా ఇంటి మీదే పడ్డాను.

మందమర్రిలో, బొగ్గుబాయి కార్మికుల కాలనీలో మా క్వార్టరు. ముందు ఒక గది, దాన్ని ఆనుకుని నాలుగడుగుల వెడల్పున్న నా చిన్న గది, వెనక వంటిల్లు. మా నాన్నను బాపు అంటాం; ఆయన పడుకునేది ముందు గదిలోనే. టేపు పెట్టి కొలిచాను. వెడల్పు పదడుగులు. ఫ్యాను కొక్కెం నా గది గోడకు మూడడుగుల్లో ఉంది, అవతలి గోడకు ఏడడుగుల్లో ఉంది. అంటే సెంటర్‌కు రెండడుగులు తేడా. కిటికీ కొలిస్తే అదీ అటే రెండడుగులు జరిగి ఉంది. (రెండూ ఒకే వైపు, ఒకే కొలతలో ఎందుకు జరిగాయని సర్టిఫికెట్ ఉన్న మనిషికి అనుమానం రావాలి. రాలేదు.) కట్టిన మేస్త్రీకి చూపు ఆనదని తీర్పు చెప్పేసి పనిలోకి దిగాను.

ఆ వారం బాపుది నైట్ షిఫ్ట్. పొద్దున బాయి నుంచి వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని ఫ్యాను కింద నవారు మంచం మీద వాలితే మళ్లీ సాయంత్రమే లేచేవాడు. మా కాలనీలో పగటి నిద్రను ఎవరూ బద్ధకం అనరు, అదీ డ్యూటీ కిందే లెక్క. నిద్ర చాలని మనిషి బాయి దిగి ఒక్క నిమిషం కునుకు తీస్తే ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే, సోమవారం ఆయన డ్యూటీకి వెళ్లగానే మంచాన్ని లాక్కొచ్చి గదికి సరిగ్గా నడుమ వేశాను.

మర్నాడు బాపు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, "మంచిగున్నది బిడ్డా" అని వెళ్లి పడుకున్నాడు. ఎండాకాలం. మా ఊళ్లో బొగ్గుకూ కొదవ లేదు, వేడికీ లేదు. ఫ్యాను గాలి మొత్తం గోడకున్న క్యాలెండరుకు పోయింది. అది ఏడాది పొడవునా ఉన్న పండుగలన్నీ తిప్పి చూసుకుంటూ టపటప కొట్టుకుంటే, బాపు తడి తువ్వాల మొహం మీద వేసుకుని అటూ ఇటూ దొర్లాడు. అవ్వ అన్నం గిన్నె పట్టుకుని మంచం చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

"మంచాన్ని గర్భగుడి చేసినవ్ గదనే! ఇగ కొబ్బరికాయ కొట్టుడొక్కటే తక్కువ" అంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మంచానిది తప్పు కాదు, ఫ్యానుదే అని నేను తేల్చాను. బుధవారం బాపు డ్యూటీకి వెళ్లగానే, కాలనీలో వైరింగ్ పనులన్నీ చేసే కరెంటు చాచాను పిలుచుకొచ్చాను. ఆయన పైకి చూసి గడ్డం గోక్కున్నాడు.

"బేటీ, కొక్కెం స్లాబుల పోసిండ్రు. స్లాబుకైతే అది నడిమిట్లనే ఉన్నది. గా ఫికర్ నీకెందుకు?"

"స్లాబు ఎవలు సూస్తరు చాచా? గది సూడాలె గని."

చాచా అవ్వ వైపు చూసి నవ్వాడు. అవ్వ చీపురు తీసుకుని లోపలికి పోయింది. నా పోరు పడలేక ఆయన కొక్కెం నుంచి గది నడుమ దాకా ఒక ఇనుప పట్టీ వేసి, దాని కొసకు ఫ్యాను బిగించి, "జర ఊగుతది మల్ల, నన్ను అనద్దు" అని చెప్పి మరీ వెళ్లాడు. జర కాదు, అత్తవారింటికి కొత్తగా వచ్చిన కోడలిలా మొదట మెల్లగా, తర్వాత ధైర్యం వచ్చి గట్టిగానే ఊగింది.

గురువారం పొద్దున బాపు వచ్చి దాన్ని చూశాడు. బాయిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా పనికి దిగేముందు పైకప్పును కడ్డీతో కొట్టి చప్పుడు వింటారు. గట్టిగా మోగితే పని, బోలుగా మోగితే పరుగు. బాపు బట్టలారేసే కర్ర తీసుకుని పట్టీ బిగించిన చోట రెండుసార్లు కొట్టాడు. తల వంచి విన్నాడు. కర్ర మూలన పెట్టి, "మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు. అని దిండు చంకన పెట్టుకుని వంటింట్లోకి పోయి, నీళ్ల బిందె పక్కన చాప వేసుకుని పడుకున్నాడు.

నేను అలిగాను. (అవును, నేనే!) కళాఖండాన్ని కట్టి ఇస్తే ఈ మనిషి బిందె పక్కన పడుకుంటాడా అని. లోపల కుక్కరు కూత వేసినప్పుడల్లా బాపు దిగ్గున లేచి, "ఏం గాలే, ఏం గాలే" అని ఎవరికో ధైర్యం చెప్పి మళ్లీ ఒరిగేవాడు.

ఆ సాయంత్రం డ్యూటీకి తయారవుతూ బాపు కుడికాలి బూటు ఎడమకాలికి ఎక్కిస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవ్వ చూసింది. రెండో బూటు తీసి కొంగులో పెట్టుకుని గడపలో బైఠాయించింది.

"ఇయ్యాల నాగా పెట్టున్రి. మూడొద్దులాయె కన్ను మూయక. గిట్లనే బాయి దిగుతరా?"

"ఏం గాదు తియ్యే. బూటియ్యి."

అవ్వ ఆయన్ని వదిలి నా వైపు తిరిగింది. "సూసినవా నీ సెంటరు!"

నేనూ తగ్గలేదు. "ఫ్యాను మూలకు పెట్టింది నేనా?"

"నువ్వే! నీకోసమే! గదంత ఒక్కటే ఉండె, ఫ్యాను నడిమిట్లనే ఉండె. నీకప్పుడు రెండేండ్లు. బాపు ఫస్ట్ షిఫ్టుకు చీకట్ల లేసి లైటేస్తె దడుసుకొని ఏడ్సేటిదానివి. 'బిడ్డ నిదుర ఖరాబైతుంది' అని నాలుగొద్దులు సెలవు పెట్టి, గా నీ గది గోడ తన చేతులతోటి కట్టిండు."

"గిప్పుడెందుకే గా ముచ్చట" అని బాపు వేసుకున్న ఆ ఒక్క బూటూ విప్పేశాడు.

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పరుగెత్తుకెళ్లి చాచాను తీసుకొచ్చాను. ఆయన పట్టీ విప్పి ఫ్యానును పాత కొక్కేనికే తగిలించాడు. మంచం నేనే జరిపాను, ఒక్కదాన్నే, కోణాలూ కొలతలూ చూడకుండా. ఫ్యాను ఇంకా వేగం అందుకోకముందే బాపు గురక మొదలైంది.

ఇప్పుడు కరీంనగర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. ఎవరింట్లోనైనా ఫ్యాను ఓ పక్కకు కనబడితే, టేపు తీసేముందు ఆ గోడ ఎప్పుడు కట్టారని అడుగుతాను. కొంతమంది వింతగా చూస్తారు, చూడనీ. నేను అప్పట్లో గీసిన మా గది ప్లాను ఇంకా బీరువాలో ఉంది. ఎర్ర ఇంకుతో సెంటర్ లైన్, ఫ్యాను పక్కన 'తప్పు' అని రాత, దాని కింద గీత. గోడ మందం నాలుగున్నర అంగుళాలని కూడా శ్రద్ధగా కొలిచి రాసింది ఆ పిల్ల. ఆ నాలుగున్నర అంగుళాల వెనకే పదహారేళ్లు హాయిగా నిద్రపోయింది.