శాంతమ్మత్త మీద వేసిన నింద

శాంతమ్మత్త ఆ పుండు మీద ఏ నూనే రాయలేదు. ఈ ఒక్క వాక్యం ఇరవై రెండేళ్లుగా ఎవరితోనూ అనలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా వదినకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక కరెంటు పెట్టించడానికి, అదే రేడియేషన్‌కి, కలకత్తాలో మేముండే ఖిదిర్‌పూర్ నుంచి రోజూ బస్సులో నేనే తీసుకెళ్లేదాన్ని. అన్నయ్యకు ఓడరేవు డాక్‌లో డ్యూటీ. వదినకు బెంగాలీ రాదు. నర్సు దీదీ చెప్పింది నేను విని తెలుగులో చెప్పాలి. ఆ చోట రుద్దకూడదు, కాపడం అసలు పెట్టకూడదు అని ఆమె మొదటి రోజే చెప్పింది. ఆ రోజు దారిలో ఏదో ఊరేగింపు, అందులో బస్సు ఇరుక్కుంటుందన్న తొందరలో వదినకు రుద్దొద్దన్న సగమే చెప్పాను.

నాలుగో వారానికి చంక కింద చర్మం నల్లబడింది. చెయ్యెత్తితే పీకుతోందని వదిన ఏడ్చింది. వేడినీళ్ల బ్యాగు గుడ్డలో చుట్టి పెట్టాను. హాయిగా ఉందంటే ఇంకాసేపు ఉంచాను. దీదీ మాట మర్చిపోయానా? లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు ఆసుపత్రిలో జాకెట్టు తీస్తుంటే గుడ్డతోపాటు చర్మం ఊడి వచ్చింది. అరచేయంత మేర పచ్చి మాంసం. ఆ జాకెట్టు నా చేతిలోనే ఉంది. కింద పెట్టాలని కూడా తోచలేదు.

ఏం పెట్టారని డాక్టరు అడిగాడు. పక్కింటి శాంతమ్మత్త ప్రార్థన చేసి నూనె రాసిందని నా నోరు చెప్పేసింది. నిజానికి ఆమె రాసింది వదిన నుదుటి మీద ఒక్క చుక్క.

బెంగాలీ రాకపోయినా వదినకు ఆ పేరు తెలిసింది. ఇంటికొచ్చాక అడిగింది.

"అత్త పేరెందుకు సెప్పినావమ్మీ?"

"అన్నయ్య నన్ను సంపేస్తాడు వదినా."

"మరి ఆవిడికేటి సెప్తావు?"

అన్నయ్యకూ అదే అబద్ధం చెప్పాను. కరెంటు పదిహేను రోజులు ఆపేశారు. గడప తొక్కొద్దని అన్నయ్య శాంతమ్మత్తతో అన్నాడు. ఆమె ఎదురు చెప్పకుండా వెళ్లిపోయింది.

వదిన కూడా అన్నయ్యకు నిజం చెప్పలేదు. నా మీద జాలా? లేక రోజూ ఆ పుండు కడగాల్సింది నేనే గనక, నన్ను కాదంటే తన ఒంటి మీద చెయ్యి వేసే దిక్కు లేదని భయపడిందా? ఈ ఆలోచన చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. వచ్చిన రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాను.

పుండు మానింది. వదిన ఇంకో ఎనిమిదేళ్లు బతికింది. ఆమె పోయిన రోజు శాంతమ్మత్త వచ్చి వీధిలోనే నిలబడింది. నేను చూశాను. లోపలికి రమ్మని పిలవలేదు.

ఇప్పుడు శాంతమ్మత్త కూడా లేదు. అన్నయ్య ఉన్నాడు, తప్పంతా ఆమెదే అని ఇప్పటికీ అనుకుంటాడు. ఆయనకు చెప్తానో లేదో నాకే తెలియదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. కాపడం పెట్టింది నేను. అబద్ధమాడింది నేను. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.